గుఱ్ఱమునకు తగిన రౌతు బరువును నిర్ణయించు విధము
(వరంగల్లు సీమయందలి రైతుల యుపయోగార్థము)

1. ఉపోద్ఘాతము

"గుఱ్ఱము ఎంత బరువు మోయగలదు?" అని అడిగినచో మన గ్రామములయందు సాధారణముగా వచ్చు ప్రత్యుత్తరము "అది నిలబడి మోసినంత" అనునది. ఈ యభిప్రాయము సరియైనది కాదు. గుఱ్ఱము తన శక్తికి మించిన బరువును గూడ కొంతకాలము మోయుచునే యుండును. అది మూల్గదు, కాడి క్రింది యెద్దువలె కూలబడదు. ఆ మౌనమును చూచి యజమాని "దీనికి బరువు లెక్క లేదు" అని తలంచును. వెన్ను పుండగుట, నడుము బిగిసికొనుట, కుంటుట మొదలగు ఫలములు కొన్ని మాసములకు గాని పైకి కనబడవు. కనబడిన నాటికి గుఱ్ఱము పనికిని రాదు, అమ్మకమునకును రాదు. పెట్టిన సొమ్ము మట్టిపాలగును, నోరులేని జీవము బాధపడును. కావున బరువు నిర్ణయము గుఱ్ఱమును కొనుటకు ముందే చేయవలసిన పని.

పూర్వము మన సీమయందు పటేండ్లును, పట్వారీలును, గిర్దావర్లును, మోతబరి రైతులును తట్టు గుఱ్ఱములపై ఊరూర తిరుగుచుండిరి. మోటారు బండ్లు వచ్చిన పిదప ఆ వాడుక తగ్గెను. అయినను గుఱ్ఱము మననుండి పూర్తిగా పోలేదు. పెండ్లి ఊరేగింపులకును, తోటలయందు వినోదముగా స్వారి చేయుటకును, బాలురకు స్వారి నేర్పుటకును ఇప్పటికిని గుఱ్ఱములను కొనువారు కలరు. పాడేరు, చింతపల్లి మన్యప్రాంతములయందు బండి బాటలేని గూడెములవారు సంతకు సరుకులను తట్టులపైననే చేరవేయుచున్నారు. వీరందఱకును ఈ పాఠము పనికివచ్చును.

2. గుఱ్ఱపు విద్య మనకు క్రొత్త కాదు

ఓరుగల్లు నేలిన కాకతీయుల కాలమున గజాశ్వ బలములపై అధికారము గలవారికి "సాహిణి" యను బిరుదుండెను. గణపతిదేవుని సేనాని యగు జాయప "గజసాహిణి" యని ప్రసిద్ధుడు. గుఱ్ఱముల లక్షణములను తెలుపుచు మనుమంచిభట్టు "హయలక్షణసారము" అను గ్రంథమును తెలుగున రచించెను. సంస్కృతమున అశ్వవైద్యమునకు శాలిహోత్రుడు మూలపురుషుడుగా ఎన్నబడుచున్నాడు. హిందూస్తానీయందు పశువైద్యునకు "సలోత్రీ" యను పేరు ఆయన పేరునుండియే వచ్చినది. ఆ పెద్దలు కంటితో చూచి, చేతితో తడవి గుఱ్ఱమును పరీక్షించిరి. నేడు ఆ పరీక్షకు టేపును, తూకమును తోడు చేసికొనవలెను.

3. మొదట గుఱ్ఱపు బరువు తెలిసికొనుడు

రౌతు బరువు తగినదా కాదా యని చెప్పుటకు ముందు గుఱ్ఱపు బరువు తెలియవలెను. మార్కెట్లయొద్ద నుండు ధర్మకాంటాపై నిలిపి తూచుట ఉత్తమము. అది వీలుకానిచో బట్టలు కుట్టువాని టేపుతో రెండు కొలతలు తీసిన చాలును.

మొదటి కొలత ఛాతి చుట్టు. మెడ ముగియుచోట వీపుపై ఎత్తుగా నుండు మూపునకు వెనుకనుండి, ముంగాళ్ళ మోచేతులకు వెనుకగా టేపును చుట్టి, గుఱ్ఱము ఊపిరి విడిచినప్పుడు చదువవలెను. రెండవది శరీరపు పొడవు. భుజము ముందువైపు ఎముక మొననుండి పిరుదు వెనుకవైపు ఎముక మొన వఱకు కొలువవలెను. రెండును సెంటీమీటర్లలో నుండవలెను. గుఱ్ఱము సమమైన నేలపై నాలుగు కాళ్ళను సమముగా మోపి నిలువవలెను.

ఛాతి చుట్టును దానితోనే గుణించి, వచ్చిన దానిని పొడవుతో గుణించి, 11,880తో భాగింపుడు. వచ్చినది ఇంచుమించుగా కిలోలలో గుఱ్ఱపు బరువు.

ఉదాహరణము: ఒక తట్టు ఛాతి చుట్టు 150, పొడవు 135 అనుకొనుడు. 150ని 150తో గుణింపగా 22,500. దానిని 135తో గుణింపగా 30,37,500. 11,880తో భాగింపగా సుమారు 256 కిలోలు.

మఱియొక ఉదాహరణము: ఛాతి చుట్టు 170, పొడవు 155 గల గుఱ్ఱము. ఇదే లెక్క చేయగా సుమారు 377 కిలోలు.

ఈ లెక్క ఎదిగిన గుఱ్ఱములకే గాని పిల్లలకును, చూలు ఆడుగుఱ్ఱములకును పొసగదు. బాగుగా క్రొవ్విన గుఱ్ఱమునకు ఈ లెక్క వలన వచ్చు అంకెను చూచి సంతోషింపరాదు. క్రొవ్వు బలము కాదు; అది గుఱ్ఱము ముందే మోయుచున్న బరువు. ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేతితో నొత్తిన తగులుచున్నచో గుఱ్ఱము సరియైన స్థితిలో నున్నదని గ్రహింపవలెను. అంతకంటె బలిసియున్నచో మోతను కొంత తగ్గించి లెక్కింపవలెను.

4. అయిదవ వంతు సూత్రము

ఎదిగి, ఆరోగ్యముగా నుండి, పనికి అలవాటు పడిన గుఱ్ఱము తన బరువులో అయిదవ వంతు, అనగా నూటికి ఇరువది వంతులు మోయవచ్చునని స్థూలమైన సూత్రము. ఇందు రౌతు ఒంటి బరువు మాత్రమే కాక జీను, దుప్పటి, కళ్ళెము, రికాబులు, రౌతు బూట్లు, సంచి, నీళ్ళ సీసా సమస్తమును చేరును. ఈ విషయమును మఱచుటయే పెక్కుమంది చేయు పొరపాటు.

ఈ సూత్రము ఊహ గాదు. అమెరికాయందలి ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు ఎనిమిది గుఱ్ఱములపై నూటికి 15, 20, 25, 30 వంతుల బరువులు పెట్టి పరీక్షించి 2008లో ఫలితములను ప్రకటించిరి. 15, 20 వంతులయందు గుఱ్ఱముల గుండె కొట్టుకొనుటలో పెద్ద భేదము లేదు. 25, 30 వంతులయందు అది హెచ్చెను. 30 వంతులు మోసిన గుఱ్ఱముల కండరములు మఱునాటికిని నొప్పితో బిగిసియుండెను. నడుము వెడల్పును, ముంగాలి ఎముక లావును గల గుఱ్ఱములకు ఈ నొప్పి తక్కువగా నుండెననియు వారు కనుగొనిరి.

ఐస్లాండు దేశపు పొట్టి గుఱ్ఱములపై 2017లో ప్రకటింపబడిన పరీక్షయందు, అలసట మొదలగు హద్దు సగటున నూటికి 22.7 వంతులుగా తేలెను. అయితే అందొక గుఱ్ఱమునకు ఆ హద్దు 17 వంతులయందే వచ్చెను. మఱియొక దానికి 27.5 వంతుల వఱకు రాలేదు. ఒకే జాతియందు ఇంత భేదముండుటచే, సూత్రమును తెలిసికొని గుఱ్ఱమును మఱువరాదు.

ఇంగ్లండులో ఆరు గుఱ్ఱములతోను, వేర్వేరు బరువులుగల నలుగురు రౌతులతోను చేసిన పరీక్ష 2019లో వెలువడెను. బరువైన రౌతులు ఎక్కినప్పుడు గుఱ్ఱములు తాత్కాలికముగా కుంటుటచే వారి స్వారిని నడుమనే ఆపవలసి వచ్చెను. తేలిక రౌతుల క్రింద అవే గుఱ్ఱములు బాగుగా నడిచెను. కుంటునది గుఱ్ఱమైనను దోషము పైనున్న బరువుది కావచ్చునని దీనివలన తెలియుచున్నది.

5. పట్టిక

గుఱ్ఱపు బరువును బట్టి మొత్తము మోత (రౌతు, జీను, సామాను కలిపి) కిలోలలో. అర కిలోలు వదలివేయబడినవి.

గుఱ్ఱము 200 కిలోలు: లేత లేక ముసలి గుఱ్ఱమునకు 30, సాధారణముగా 40, మించరాని హద్దు 50.
గుఱ్ఱము 250 కిలోలు: 37, 50, 62.
గుఱ్ఱము 300 కిలోలు: 45, 60, 75.
గుఱ్ఱము 350 కిలోలు: 52, 70, 87.
గుఱ్ఱము 400 కిలోలు: 60, 80, 100.
గుఱ్ఱము 450 కిలోలు: 67, 90, 112.

మూడవ అంకె నాలుగవ వంతు. బలమైన నడుముగల గుఱ్ఱముతో, సమమైన బాటపై, నడకతో, కొద్ది దూరము పోవునప్పుడు మాత్రమే దానిని చేరవచ్చును, నిత్యవాడుకకు పనికిరాదు.

ఇప్పుడు పై రెండు ఉదాహరణములను చూతము. 256 కిలోల తట్టునకు అయిదవ వంతు 51 కిలోలు. జీను మొదలగునవి 8 కిలోలు పోగా రౌతునకు మిగులునది 43 కిలోలు మాత్రమే. 70 కిలోల యజమాని దానిపై ఎక్కినచో మొత్తము 78 కిలోలగును. అది నూటికి 30 వంతులకు పైబడును. అట్టి తట్టు అతని బాలునకు తగును గాని అతనికి తగదు. 377 కిలోల గుఱ్ఱమునకు అయిదవ వంతు 75 కిలోలు. 9 కిలోల జీనుతో 66 కిలోల రౌతు దానిపై నిశ్చింతగా పోవచ్చును.

6. ఒక ఆక్షేపణము, దాని సమాధానము

"మా తాతలు చిన్న తట్టులపైననే నిండు మనుష్యులై తిరుగలేదా?" అని కొందఱు అడుగుదురు. తిరిగిరి. కాని వారు చాలవఱకు నడకతోనే పోయిరి; బరువైన తోలు జీనులకు బదులు మెత్తని ఖోగీరును వాడిరి; ఎండ ముదిరినచో చెట్టు క్రింద దిగిరి. అట్లు తిరిగిన తట్టులలో ఎన్ని వెన్ను పుండ్లతో చెడిపోయెనో ఎవ్వరును లెక్క వ్రాయలేదు. మిగిలిన గుఱ్ఱము జ్ఞాపకముండును, పోయినది ఉండదు.

సైన్యపు గుఱ్ఱములును నాలుగవ వంతునకు మించి మోసెననుట సత్యమే. మొదటి ప్రపంచ యుద్ధమున పాలస్తీనా రంగమందు మైసూరు, జోధపూరు రౌతులతోపాటు మన హైదరాబాదు లాన్సర్లును పనిచేసిరి; వారి స్మారకముగా 1922లో ఢిల్లీయందు త్రిమూర్తి స్తంభము నిలుపబడెను. ఆ రంగమునందు ఒక్కొక్క గుఱ్ఱము రౌతును, ఆయుధములను, మేతను కలిపి సుమారు 130 కిలోల వఱకు మోసెను. కాని అవి పెద్ద గుఱ్ఱములు. ప్రయాణమున మాటిమాటికి రౌతులు దిగి, గుఱ్ఱములను చేత పట్టుకొని నడిపించుట సైన్యమందు నియమము. యుద్ధమున ప్రాణమునకు తెగించి చేసినది పొలముగట్టున నిత్యకృత్యమునకు ప్రమాణము కాజాలదు.

7. బరువును హెచ్చించు, తగ్గించు కారణములు

(అ) వయస్సు. గుఱ్ఱమునకు అయిదేండ్లకు ముందుపండ్లన్నియు మారి నోరు నిండును. వెన్నెముక గట్టిపడుటకు అంతకంటెను కొంతకాలము పట్టును. మూడేండ్లు నిండకమునుపు ఎక్కరాదు. మూడు మొదలు అయిదేండ్ల వఱకు పట్టికలోని మొదటి అంకెను దాటరాదు. ముసలి గుఱ్ఱమునకును అంతే. చూలు ఆడుగుఱ్ఱము పదునొకండు నెలలు మోయును. కడపటి మూడు నాలుగు నెలలు స్వారి మానవలెను.

(ఆ) కట్టు. వీపు పొట్టిగాను, నడుము వెడల్పుగాను, మోకాలి క్రింది ఎముక లావుగాను ఉన్న గుఱ్ఱము తన బరువుకంటె ఎక్కువ పనికి వచ్చును. పొడవైన, పల్లము పడిన వీపు గల గుఱ్ఱము ఎంత ఎత్తైనను బలహీనమే. భీమానదీ ప్రాంతపు భీమ్‌తడి గుఱ్ఱములను భారత వ్యవసాయ పరిశోధనా మండలివారు ప్రత్యేక జాతిగా నమోదు చేసినారు; ఈ దక్కను గుఱ్ఱములు చిన్నవైనను గట్టివని పేరు. గట్టిదనుట లెక్కలేదనుట కాదు.

(ఇ) నడక. గుఱ్ఱము దుడుకునప్పుడు వీపుపై పడు దెబ్బ రౌతు బరువునకు సుమారు రెండింతలగును. పరుగున అంతకంటె ఎక్కువ. కావున నడకకు తగిన బరువు పరుగునకు తగదు.

(ఈ) బాట. వానకాలమున రేగడి బురదలోను, ఎక్కుడు దిగుడులయందును, ఇసుకలోను మోతను తగ్గింపవలెను. చల్కా నేలపై గట్టి బాట గుఱ్ఱమునకు సుఖము.

(ఉ) రౌతు నేర్పు. సమముగా కూర్చుండు 70 కిలోల రౌతుకంటె జీనుపై ఎగిరెగిరి పడు 60 కిలోల వాడు గుఱ్ఱమునకు ఎక్కువ భారము. నేలనుండి రికాబుపై బరువంతయు వేసి లాగుకొని ఎక్కుట వీపును మెలిత్రిప్పును. అరుగుమీదినుండి గాని రాతిమీదినుండి గాని ఎక్కవలెను.

(ఊ) జీను. జీను నడిమి సందు వెన్నెముకను తాకరాదు. జీను వెనుక భాగము కడపటి ప్రక్కటెముకను దాటరాదు. పని ముగిసిన పిదప జీను తీసి చూచినప్పుడు చెమట రెండు ప్రక్కల సమముగా నుండవలెను. చెమటలో పొడిమచ్చ కనబడినచో అచ్చట జీను నొక్కుచున్నదని అర్థము. పాత గుఱ్ఱపు వీపున తెల్లవెండ్రుకల మచ్చలు పూర్వపు నొక్కుడునకు గుర్తులు. నొక్కుడునకు మందముగా దుప్పట్లు పఱచుట చికిత్స కాదు. బిగువు ఇంకను హెచ్చును. జీనునే మార్పవలెను.

8. ఎక్కిన పిదప పరీక్ష

పట్టిక చూచి ఎక్కినను గుఱ్ఱము చెప్పునది వినవలెను. ఈ లక్షణములను కనిపెట్టుడు: ఎక్కునప్పుడు చెవులు వెనుకకు వాల్చుట, వీపు పల్లముగా చేయుట, కాళ్ళు తడబడుట, నడుచునప్పుడు అడుగులు పొట్టివగుట, మాటిమాటికి తొట్రుపడుట, తోకను విసరుట, జీను తెచ్చినంతనే ప్రక్కకు తొలగుట లేక కఱవ జూచుట. ఇవి పొగరు కాక నొప్పి కావచ్చును.

నాడి చూచుట మఱింత నిశ్చయమైన పరీక్ష. క్రింది దవడ యెముక అంచున వ్రేళ్ళుంచినచో నాడి తగులును. ఊరక నిలిచియున్న గుఱ్ఱమునకు నిమిషమునకు 28 మొదలు 44 సార్లు కొట్టుకొనును. పని ఆపి నీడన నిలిపిన పది, పదునైదు నిమిషములలో అది 60కి దిగవలెను. దిగనిచో బరువో, దూరమో, ఎండయో మితిమీరినదని తెలిసికొనవలెను.

మఱునాటి యుదయమున వీపున రెండు ప్రక్కల వ్రేళ్ళతో మెల్లగా నొత్తుచు మూపునుండి నడుము వఱకు పోవుడు. చర్మము వణకినను, గుఱ్ఱము క్రుంగినను కండరము నొచ్చినదన్నమాట. నొప్పి పోవు వఱకు జీను వేయరాదు. వాపు గాని పుండు గాని యున్నచో పశువైద్యునకు చూపవలెను.

9. శాసనము

భారతదేశమున పశుహింసా నివారణ చట్టము 1960లో వచ్చెను. దానిక్రింద 1965లో చేయబడిన నియమములలో వీపుమోతకు హద్దులు ఏర్పఱుపబడినవి: తట్టునకు 70 కిలోలు, కంచరగాడిదకు 200, గాడిదకు 50, చిన్న యెద్దునకు 100, మధ్యరకపు ఎద్దునకు 150, పెద్ద యెద్దునకు 175 కిలోలు. ఇవి దాటరాని హద్దులే గాని చేరవలసిన గమ్యములు కావు. 200 కిలోల తట్టుపై 70 కిలోలు వేసినచో నూటికి 35 వంతులగునని పై పట్టికవలననే తెలియును.

అవే నియమములనుబట్టి పశువును దినమునకు తొమ్మిది గంటలకు మించి పనిచేయింపరాదు. విశ్రాంతి లేక ఏకబిగిని అయిదు గంటలకు మించరాదు. ఎండ 37 డిగ్రీలు మించిన ప్రాంతమున మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వఱకు పని చేయింపరాదు. వరంగల్లున వేసవియందు ఎండ ఈ హద్దును సులభముగా దాటును. పశువు లాగు బండిపై తోలువాడును, ఆరేండ్లలోపు పిల్లలును గాక నలుగురు మాత్రమే ఎక్కవలెను. మేడారము, ఐనవోలు, కొత్తకొండ జాతరలకు బండ్లు కట్టువారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను.

10. కొనునప్పుడు

నాందేడు జిల్లా మాలేగావ్ ఖండోబా జాతర గుఱ్ఱముల సంతకు ప్రసిద్ధి చెందినది. ఆ జిల్లా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. అట్టి సంతలకు పోవువారు రంగును, సుడులను, నాట్యమును చూచి మురియుటకు ముందు జేబునుండి టేపు తీయవలెను. తన బరువును, జీను బరువును కలిపి అయిదింతలు చేసినచో ఎంత బరువుగల గుఱ్ఱము కావలెనో తెలియును. 70 కిలోల మనుష్యుడు 10 కిలోల జీనుతో ఎక్కదలచినచో 400 కిలోల గుఱ్ఱము కావలెను. అంత గుఱ్ఱము దొరకనిచో బండికి కట్టుట మేలు. వీపుపై మోయుదానికంటె చక్రములపై లాగునది గుఱ్ఱమునకు తేలిక. లేనిచో ఆ తట్టును పిల్లల స్వారికి ఉంచుకొనవలెను.

11. సంగ్రహము

గుఱ్ఱమును తూచుడు, లేక కొలువుడు. మిమ్మును జీనుతో సహా తూచుకొనుడు. అయిదవ వంతును మించకుడు. లేత, ముసలి గుఱ్ఱములకు అంతకంటె తగ్గింపుడు. బురదయందును, ఎండయందును, పరుగునను ఇంకను తగ్గింపుడు. వీపును ప్రతిదినము తడవి చూడుడు. ఉలవలును, జొన్నచొప్పయు, గడ్డియు వేళకు పెట్టి, నీరు కడుపునిండ త్రాగింపుడు. మేత తక్కువైన గుఱ్ఱమునకు పట్టికలోని అంకెలు చెల్లవు. ఒక టేపును, ఒక తూకమును, కొంచెము గుణకారమును మాత్రమే కోరు ఈ పనిచే అనేక సంవత్సరములు సేవ చేయదగిన జీవము మీ యింట నిలుచును.